మావయ్య పొగగొట్టం

కొట్లో ఉన్న మావయ్యకి,

పైగదిలోంచి నీ మేనకోడలు నమస్కరించి రాసేది. ఈ కడుపుతో మెట్లు దిగలేను. అరిచి చెబితే రొట్టెలు కొనడానికొచ్చిన ప్రతివాళ్ళూ సలహా ఇస్తారు. అందుకే రోజూ నువ్వు రొట్టె పెట్టి పంపే బుట్టలోనే ఈ ఉత్తరం దించుతున్నాను. నీ కట్టెల పొయ్యి పొగగొట్టం సరిగ్గా మా కిటికీ పక్కనే ఆగిపోయింది. కడుపుతో ఉండగా నేను పీల్చే పొగవల్ల, బిడ్డకి పెద్దయ్యాక రక్తపోటు, గుండెజబ్బు వచ్చే అవకాశం పెరుగుతుందని డాక్టరమ్మ చెప్పింది. ఆ పొయ్యి సంగతి ఏదైనా ఆలోచించు. లేదంటే నెలాఖరుకి మేం వేరే ఇల్లు చూసుకోవాలి. నాకైతే వెళ్ళాలని లేదు.

నీ మేనకోడలు

తా.క. రొట్టె బాగుంది. కిటికీ గట్టు మీద కాసేపు పెడితే నల్ల నువ్వులు చల్లినట్టయింది.

*

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

పొమ్మనలేక పొగబెట్టేవాళ్ళ గురించి విన్నాను గానీ, పోవాలని పొగ మీద నెపం పెట్టేవాళ్ళని ఇప్పుడే చూస్తున్నాను. మెట్ల మీద చెప్పులు విప్పాడని మొన్న మీ ఆయన్ని కసిరాను, అందుకేగా ఇదంతా? తలుపు బిగించిన పొయ్యిలో రొట్టెకి బయటి దుమ్ము అంటడం నేనింతవరకూ చూళ్ళేదు. బిడ్డ అంతకంటే భద్రంగా ఉంది. నేనూ మీ అమ్మా ఈ పొయ్యి మీది గదిలోనే పుట్టాం. నన్ను చూడు, పిండి బస్తా ఒంటిచేత్తో లేపుతాను.

పొయ్యి ఆరనివ్వని,
నీ మావయ్య

తా.క. మీ ఆయన్ని చెప్పులు ఎక్కడ కావాలంటే అక్కడ విప్పుకోమను.

*

మొండి మావయ్యకి నమస్కారాలు.

చెప్పులకీ దీనికీ సంబంధం లేదు. నువ్వు కసిరినట్టు ఆయనకి తెలీను కూడా తెలీదు. రొట్టె ఊపిరి పీల్చదు మావయ్యా, బిడ్డ మాత్రం నా ఊపిరితోనే బతుకుతోంది. పొగలోని సన్నని నలుసులు నా రక్తంలోకి దిగి, బిడ్డకి అందేదాన్ని పాడుచేస్తాయట. చిన్ని గుండె తయారయ్యే రోజులివి. నాకు బెంగగా ఉంది.

నీ మేనకోడలు

తా.క. బస్తా లేపాక ఎంతసేపు గోడకి ఆనుకుని నిలబడతావో పైనుంచి కనిపిస్తూనే ఉంది.

*

మేనకోడలికి దీవెనలు.

బిడ్డ గుండెకి జబ్బని ముందే చెప్పొచ్చుగా. దాచుకోలేక కొట్లో అందరికీ చెప్పేశాను. కుట్టుపనావిడ కళ్ళు తుడుచుకుంది. తాళాలు బాగుచేసే ఆయన ఎవరో పెద్ద డాక్టరు పేరు చెప్పాడు. అందరూ నిన్ను చూడటానికి వస్తామన్నారు. ధైర్యంగా ఉండు.

కుమిలిపోతున్న,
నీ మావయ్య

తా.క. ఓదార్చడానికొచ్చి ఉత్తచేతులతో పోవడం బాగోదని తలా రెండు రొట్టెలు కొన్నారు. అందుకని పొయ్యి ఇంకో విడత రాజేశాను. కిటికీ వేసుకో.

*

గౌరవనీయులైన మావయ్యగారికి,

బిడ్డకి ఏ జబ్బూ లేదండీ. గుండె చక్కగా కొట్టుకుంటోంది, డాక్టరమ్మ నాకు వినిపించింది కూడా. నేను చెప్పింది ఎప్పుడో నలభై ఏళ్ళ తర్వాతి సంగతి. అందరికీ వస్తుందనీ కాదు. పొద్దుటినుంచీ ఎవరో ఒకరు మెట్లెక్కి వచ్చి నా చెయ్యి పట్టుకుని ఏడుస్తున్నారు. నలభై ఏళ్ళ తర్వాతి దానికి ఇప్పుడే తొందరేమిటని మీరు అడుగుతారు. ఆ మాటేదో డాక్టరమ్మనే అడగండి, ఎదురు సందులోనే ఉంటుంది. మేం సామాన్లు సర్దుకుంటున్నాం.

ఇట్లు,
పైగదిలో ఉంటున్న మనిషి

తా.క. కుట్టుపనావిడ ఏడుస్తూ ఇచ్చిన పసిచొక్కా ముద్దుగా ఉంది. తిరిగివ్వను.

*

నా బంగారుతల్లికి,

నన్ను 'మీరు' అన్నావు చూడు, అప్పుడు భయమేసింది. డాక్టరమ్మకి బుద్ధి చెప్పొద్దామని వెళ్ళాను. "పొయ్యి మీద గదిలో పుట్టినవాణ్ణి, నాకేమైందో చూపించండి" అని రొమ్ము విరుచుకుని నిలబడ్డాను. ఆవిడ నా జబ్బకి పట్టీ చుట్టి గాలి కొట్టింది. కూర్చోమంది. మళ్ళీ కొట్టింది. రక్తపోటు బాగా ఎక్కువగా ఉందట. బస్తాల జోలికి వెళ్ళొద్దంది.

అదంతా పొగవల్లేనా అని అడిగాను. ఒక్క మనిషిని చూసి అలా తేల్చలేమంది, వయసుంది, ఉప్పుంది అంది. తర్వాత, "మీరు కడుపులో ఉన్నప్పుడు మీ అమ్మగారు ఎక్కడ పనిచేసేవారు?" అంది. ఎక్కడేమిటి, ఈ పొయ్యి ముందే. నన్ను మోస్తూ, దగ్గుతూ, రొట్టెలు కాల్చింది. మా అమ్మకి చెప్పేవాళ్ళు లేరు. నీకు చెప్పేవాళ్ళున్నారు, వినాల్సినవాణ్ణి నేనే వినలేదు. దారంతా మా అమ్మే గుర్తొచ్చింది.

పొయ్యి ఆర్పేశాను. పక్క వీధి బిస్కెట్లాయన దగ్గర కరెంటు పొయ్యి ఊరికే పడుంటే, మీ ఆయనే మోసుకొచ్చాడు. చెప్పులతోనే కొట్లోకి రమ్మన్నాను. ఇక సామాన్లు విప్పు తల్లీ. నువ్వెళ్ళిపోతే ఈ బుట్ట ఎవరికి పంపను?

నీ మాట విన్న,
మావయ్య

తా.క. కరెంటు పొయ్యిలో కాల్చిన తొలి రొట్టె పంపుతున్నాను. పైన తెలుపు, లోపల పచ్చి, డాక్టరమ్మ మాట విని ఉప్పు కూడా వెయ్యలేదు. తిన్నాక ఎలా ఉందో నిజం చెప్పకు. నాకు రక్తపోటు.