రెండో స్థలంలో ఒక ఇల్లు ఉంది

చిన్న విమానాశ్రయాల ప్రణాళికా అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: చిన్న విమానాల కొత్త విమానాశ్రయమునకు ఎంపికైన రెండో స్థలంలో రన్‌వేను నాలుగు వందల మీటర్లు దక్షిణానికి జరపవలసిందిగా కోరుట గురించి.

1. నేను పాత ఎయిర్‌ఫీల్డు టవర్‌లో పదహారేళ్లుగా కంట్రోలరుగా పనిచేయుచున్నాను. మాకున్నది ఒకటే రన్‌వే. శిక్షణ విమానాలు, పొలాలకు మందు చల్లే విమానాలు, రోగులను తెచ్చే విమానాలు అన్నీ దాని మీదే దిగవలెను. చుట్టుపక్కల ఉన్న రెండు ఎయిర్‌ఫీల్డులదీ ఇదే గతి.

2. గత వేసవిలో ఒక శిక్షణ విమానం టైరు పేలి రన్‌వే నడుమ ఆగిపోయినది. అదే సమయమున ఏడేళ్ల పాపతో అంబులెన్సు విమానం వచ్చినది. పక్క ఫీల్డులను అడిగితే "ఇక్కడా ఖాళీ లేదు సార్" అన్నారు. ఆ విమానాన్ని పదకొండు నిమిషాలు గాల్లో తిప్పింది నేనే. దిగేసరికి పాప ప్రాణం పోయింది. పదకొండు నిమిషాల వల్లేనని డాక్టర్లు అనలేదు. కాదని కూడా అనలేదు.

3. అందుచేత కొత్త విమానాశ్రయం కావలెనని తమకు నివేదిక పంపినవారిలో నేనొకడిని. చూపిన మూడు స్థలాల్లో రెండోది మేలని, "ఖాళీ స్థలం, అడ్డంకులు లేవు" అని రాసి సంతకం చేసితిని. పటంలో అక్కడ ఏమీ లేదు. నేను వెళ్లి చూడలేదు.

4. పోయిన ఆదివారం మా అక్క ఒక భూసేకరణ నోటీసు పట్టుకుని మా ఇంటికి వచ్చినది. బావగారు పోయాక, నాలుగేళ్ల కిందట ఊరు మారి, గులాబీ అంట్లు కట్టి అమ్ముకుంటున్నది. రేపు వస్తా, మాపు వస్తా అంటూ నేను ఒక్కసారి కూడా అక్కడికి వెళ్లలేదు.

"ఒరేయ్, చదువుకున్నవాడివి. మాకొద్దని ఓ అర్జీ రాసిపెట్టు" అంది.

నోటీసులో ఉన్నది ఆ రెండో స్థలమే. "ఆ స్థలం బాగుందని సంతకం పెట్టింది నేనే అక్కా" అన్నాను. పాప సంగతీ చెప్పాను. అక్క నోటీసును మడిచి, మళ్లీ విప్పింది.

"తల్లి కూడా ఉందా ఆ విమానంలో?"

"ఉంది."

"అయితే కట్టమను. కాస్త పక్కకి జరగదా అని మాత్రం అడుగు. జరగదంటే, ఆ మాట నా మొహం మీద చెప్పమను. పటం చూసి కాదు, వచ్చి."

మంచినీళ్లైనా ముట్టకుండా వెళ్లిపోయినది.

5. మరునాడు నేనక్కడికి వెళ్లితిని. రెండు రేకుల షెడ్లు, ఒక బావి, చిన్న ఇల్లు, వరుసల్లో వేలకొద్దీ అంట్లు. తలుపు తట్టాను. లోపల రేడియో మోగుతూనే ఉంది, తలుపు తెరుచుకోలేదు. బయటనే తిరిగి కొలతలు తీసుకున్నాను. దక్షిణాన ఉన్నదంతా రాళ్ల బీడు. రన్‌వే అటు జరిగితే దాని పొడవు తగ్గదు, గాలివాటు చెడదు. ఇది నా వృత్తి మీద ఒట్టేసి చెబుతున్నాను.

కావున నా పాత సంతకమును నమ్మక, తమరు స్వయముగా వచ్చి చూడ ప్రార్థన. విమానాశ్రయం మాత్రం ఆపవద్దు. ఇంకో విమానాన్ని అలా తిప్పే శక్తి నాకు లేదు.

దయతో చిత్తగించవలెను.

తమ విధేయుడు,
పాత ఎయిర్‌ఫీల్డు టవర్ కంట్రోలరు

తా.క.: దీన్ని కవరులో పెడుతుండగా అక్క ఫోన్ చేసింది. "ఆ ఆఫీసరు వచ్చే రోజు నువ్వూ రా. నేనొక్కదాన్నే మాట్లాడలేను" అని పెట్టేసింది. తొందరగా రండి సార్. మీరొస్తే తప్ప ఆ గడప తొక్కే దారి నాకు లేదు.