టేబుల్ గుడ్డ దులిపే మనిషి లేని రోజు

కెల్డ్‌బెక్,
శనివారం మధ్యాహ్నం

హిల్డాకి,

ఈ ఉత్తరం రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. కాగితం ముందు పెట్టుకుని రెండుసార్లు లేచిపోయాను. ఒకసారి పిల్లికి పాలు పోయడానికి, ఇంకోసారి అది తాగిందో లేదో చూడటానికి. ఇక్కడ నేనూ, పిల్లీ, పెరట్లో చిక్కుళ్ళూ బాగానే ఉన్నాం. సముద్రాలవతల నువ్వూ, మన అమ్మాయి మురియెలూ, దాని పసివాడూ కులాసాగా ఉన్నారని నమ్ముతున్నాను.

చిక్కుళ్ళకు నీళ్ళు పోస్తున్నావా అని అడిగావు. ఆ పని ఆకాశమే చూసుకుంటోంది. నా నీలం చొక్కా దొరికిందా అన్నావు. దొరికింది. వెతుకుతున్నంతసేపూ ఒంటిమీదే ఉంది. పసివాడికి నా ముక్కు వచ్చిందని రాశావు, పాపం. అది అసలు మా నాన్నగారి మేనమామ ముక్కు. ఆయన ఒకసారి వికెట్ల వెనక నిలబడి బంతిని ముక్కుతో ఆపాడని చెప్పుకునేవారు. బ్యాట్స్‌మన్ అవుటయ్యాడో లేదో ఎవరికీ గుర్తులేదు. ముక్కు మాత్రం వంకరపోయింది. ఆ వంకరే తరతరాలుగా మనకు దిగుతోందని ఆయన వాదన. అది ఎంతవరకు నిజమో తెలుసుకుందామని నేను ఒక లావుపాటి వైద్య పుస్తకం కూడా చదివాను. సరే, దాన్ని వదిలేద్దాం.

మన క్రికెట్ క్లబ్బు నూట యాభై ఏళ్ళ పండగ ఎలా జరిగిందని ఒకే పేజీలో మూడుసార్లు అడిగావు. చెబుతాను.

కొత్త పెవిలియన్‌కు ఎవరి పేరు పెడతారో పండగనాడు ప్రకటిస్తారని నువ్వు బయలుదేరకముందే ఊరంతా అనుకున్నదే కదా. పైకి అనలేదుగానీ, ఆ పేరు నాదేనని నేను ఏనాడో ఖాయం చేసుకున్నాను. ఇరవై ఏళ్ళు అందరికంటే ముందు బ్యాట్ పట్టుకుని దిగినవాణ్ణి. స్కార్‌బీ ఊరి మీద ఆడుతూ వేలు విరిగినా సాయంత్రం దాకా నిలబడ్డవాణ్ణి. 'నేనంతవాణ్ణి కాదు' అని మొదలయ్యే ప్రసంగం ఒకటి తయారుచేసుకుని గొర్రెల ముందు చెప్పి చూశాను. అవి కాదనలేదు.

నువ్వు వెళ్ళిన వారానికి మన క్లబ్బు కార్యదర్శి నార్మన్ ఇంటికొచ్చాడు.

"ఒరేయ్ అమోస్, పేరు తేల్చేశాం. కూచో."

"కూచునే ఉన్నానురా."

"అయితే లేవకు. హిల్డా పేరు పెడుతున్నాం."

"ఏ హిల్డా?"

"మీ ఆవిడరా! ఊళ్ళో ఎంతమంది హిల్డాలున్నారేంటి?"

"అది జన్మలో బ్యాట్ పట్టుకోలేదు!"

"నువ్వు పట్టుకుని మాత్రం ఏం పొడిచావు? నువ్వు ఆడుతుంటే మా అమ్మ ఒక స్వెట్టర్ అల్లేసి రెండోది మొదలుపెట్టేది. పక్క ఊళ్ళవాళ్ళు ఈ కొండెక్కి వచ్చేది నీ ఆట చూడ్డానికా, ముప్పై ఏళ్ళుగా ఆట మధ్యలో ఆవిడ పెట్టే టీ, కేకుల కోసమా? సరేగానీ, ఆవిడ ఒప్పుకుంటేనే బోర్డు మీద రాయిస్తాం. ఉత్తరం రాసి కనుక్కో."

రాస్తానన్నాను. అది తర్వాత. ముందు పండగ సంగతి.

ఆట స్కార్‌బీతోనే. వాన రాలేదు. మన ఊళ్ళో టీకి ఆట ఆపేది గడియారాన్ని చూసి కాదని నీకు నేను చెప్పక్కర్లేదు. నువ్వు పెవిలియన్ మెట్ల మీదికొచ్చి టేబుల్ గుడ్డ దులిపితే ఆపుతారు. నార్మనూ, కమిటీ మగాళ్ళూ రొట్టెలు కోసి, కీరా ముక్కలు పెట్టి, టీ కాచి, ఆటగాళ్ళు ఎప్పుడొస్తారా అని లోపల కూర్చున్నారు. బయట ముసలి జెత్రో, అంపైరు కోటు వేసుకుని, ఓవర్ ఓవర్‌కీ మెట్లవైపు చూస్తూ ఆట సాగిస్తూనే ఉన్నాడు. లోపల టీ నల్లగా మరిగిపోయింది. రొట్టెల అంచులు ఎండి పైకి లేచాయి. బయట బౌలర్లు కుంటుతున్నారు. ఆఖరికి స్కార్‌బీ కెప్టెన్ బ్యాట్ కింద పెట్టేశాడు.

"అంపైరు గారూ, మాకు టీ ఇస్తారా, ఇక్కడే పాతిపెడతారా?"

"గుడ్డ దులపలేదు కదా బాబూ."

"ఎవరు దులపాలి?"

"హిల్డమ్మ."

"ఆవిడెక్కడ?"

"న్యూజిలాండ్‌లో."

"అయితే ఆవిడ వచ్చేదాకా ఆడదామంటారా?"

అందరూ బయట కూర్చుని ఆట చూస్తున్న నావైపు తిరిగారు. "పోరా అమోస్, నువ్వెళ్ళి దులుపు!" అన్నారు. వెళ్ళి దులిపాను. జెత్రో కదల్లేదు. "అట్లా కాదయ్యా, ఆవిడ ఎడంపక్కకి దులుపుతుంది" అన్నాడు. ఎడంపక్కకి దులిపాను. అప్పుడు వచ్చారు.

లోపల ఒక్కడైనా నన్ను ఆట గురించి అడగలేదు. హిల్డా ఎలా ఉంది, ఎప్పుడొస్తుంది, నిమ్మ కేకులో ఏం వేస్తుంది, ఇవే. స్కార్‌బీ కెప్టెన్ నా చెయ్యి పట్టుకుని, "మీరు హిల్డా గారి భర్తా? అదృష్టవంతులండీ!" అన్నాడు. ఆ చేతి వేలే వాళ్ళ ఊరి బంతికి విరిగింది. వాడికి తెలియను కూడా తెలియదు.

తర్వాత నార్మన్ కప్పు పట్టుకుని లేచాడు. "ఈరోజు పెవిలియన్‌కి హిల్డా పేరు పెట్టాలనుకున్నాం. ఆవిడ వద్దన్నారు" అన్నాడు. గది గదంతా అయ్యో అంది. జెత్రో భార్య మాత్రం, "మనమంటే ఆవిడకంత చులకనన్నమాట" అంది.

వద్దన్నది నువ్వు కాదు హిల్డా, నేను. నీకు రాయనే లేదు. కొన్నాళ్ళాగి, నీ దగ్గర్నుంచి జవాబొచ్చిందనీ, ఇలాంటి ఆర్భాటం నీకు గిట్టదనీ నార్మన్‌తో చెప్పాను. కుళ్ళు. ఇంకో ఆటగాడి మీద కుళ్ళుకుని ఉంటే కాస్త మర్యాదగా ఉండేది. కట్టుకున్న పెళ్ళాం మీద, అదీ కేకుల దగ్గర! నువ్వు వద్దంటే తర్వాత నా పేరే వస్తుందని లెక్క వేసుకున్నాను. అదీ రాలేదు. బోర్డు ఖాళీగా ఉంచారు.

ఇప్పుడా కుళ్ళు పోయిందా అంటే పోలేదు. ఈ పొద్దున కూడా అటు వెళ్తూ ఆ బోర్డు చూస్తే, నా పేరు అందులో చక్కగా ఇముడుతుందనే అనిపించింది. కానీ జెత్రో భార్య అన్న మాట నీకు తగిలింది, అక్కడ నువ్వు లేవు, నోరు విప్పాల్సినవాణ్ణి నేను. టీ తాగుతూ కూర్చున్నాను.

అందుకని ఇప్పుడు అడుగుతున్నాను. నీ పేరు పెట్టమంటావా? ఏ మాటైనా నేరుగా నార్మన్‌కే రాయి. నా చేతుల మీదుగా వద్దు.

నిన్న సాయంత్రం వాడింటికెళ్ళి ఉన్నదంతా చెప్పాను. వాడు తిట్టలేదు. "ఈ ఆదివారం ఆటకి టీ నువ్వే పెడుతున్నావు" అన్నాడు. పొద్దున కొట్టుకెళ్ళి రొట్టెలూ, రెండు కీరా కాయలూ కొనుక్కొచ్చాను.

ఇట్లు,
నీ పెనిమిటి
అమోస్