మిషన్‌కి తమిళం నేర్పాను

మార్చి 4

ఫోన్లు లాకర్లో పెట్టిస్తే నోళ్ళు మూతపడతాయనుకున్నారు, విదేశీ పుస్తకాలు అచ్చుకు సిద్ధం చేసే మా చెన్నై కంపెనీ వాళ్ళు. ఫ్లోర్ మీద అందరూ పీడీఎఫ్ కామెంట్లలోనే మాట్లాడుకుంటున్నారు. ఇంగ్లండు డాక్టరు రాసిన కిడ్నీ జబ్బుల పుస్తకం, ఆయన పెట్టిన దిద్దుబాట్లు, వాటి కిందే ఇంగ్లిషు అక్షరాల్లో తమిళం. తిన్నారా అక్కా అని ఒకరు, పెరుంగుడిలో నీళ్ళు రాలేదని ఇంకొకరు. ఫైలు బయటికి వెళ్ళే ముందు చివరి స్పెల్‌చెక్ నాది. పేజీలతో పాటు కామెంట్లూ చూడాలి. రచయిత మాటలు ఉంచి, మావాళ్ళ కబుర్లు తీసేయాలి.

స్పెల్‌చెక్ చేసే మిషన్ ప్రతి తమిళ మాట దగ్గరా ఆగుతుంది. అసలు తప్పుల దాకా వెళ్ళనివ్వదు. విసుగెత్తి ఇవాళ ఆ మాటలన్నీ డిక్షనరీలో చేర్చేశాను. కబుర్లు నా కంటికే కనబడతాయి, దానికి మిషనెందుకు?

మార్చి 17

పనిలో సగం విసుగు పోయింది. ఆగిన మాటనల్లా చేరుస్తూనే ఉన్నాను. "కిళవన్" కూడా చేర్చాను. ముసలాడు అని. ఫ్లోరంతా ఆ డాక్టరుకు పెట్టిన పేరది. ఒక్క కామా కోసం అరపేజీ రాస్తాడు మహానుభావుడు.

ఆయన దిద్దుబాట్లు చేసేది యమున. తిరువణ్ణామలై పిల్ల, చేరి ఆరు నెలలు కాలేదు. నెలాఖరుకి ఉద్యోగం ఖాయం కావాలి. లేకపోతే ఇంటికి రమ్మన్నారు. అక్కడ మేనమామతో పెళ్ళి ఖాయం. ఆయనకు ముప్పై ఎనిమిదేళ్ళట. చెప్పి నవ్వింది. కళ్ళు నవ్వలేదు.

మార్చి 24

మొదటి భాగం డాక్టరుకు పంపాం. పీడ విరగడైంది.

మార్చి 26

విరగడ కాలేదు. ఇంగ్లండు నుంచి మెయిలు వచ్చింది. మా ఫైల్లో, డాక్టరు కామెంటు కింద జవాబుగా ఏదో పరాయి భాష ఉంది, ఏమిటని పబ్లిషరు అడిగాడు. టీమ్ లీడర్ దండపాణి సార్ దాన్ని ప్రింటు తీసి అందరి ముందూ చదివాడు.

"కయల్ అక్కా, ఈ కిళవన్ చచ్చేలోపు ఈ పుస్తకం అవ్వదు."

కింద యమున పేరు. పైన నా పేరు. జవాబు ముడుచుకుని ఉంటే నేను విప్పి చూడలేదు. మిషన్ ఆగలేదు. ఎందుకు ఆగుతుంది? అందులో ప్రతి మాటా నేను నేర్పిందే.

చివరి చెక్‌లో ఎలా తప్పిపోయిందని సార్ అడిగాడు. మిషన్ ఆగలేదు సార్ అన్నాను. అబద్ధం కాదు. అబద్ధం కన్నా నీచం.

మార్చి 27, మధ్యాహ్నం

యమున డబ్బాలో సాంబారన్నం సగం నా మూతలో పెట్టింది. సోమవారం హెచ్చార్ పిలిచారట. ఇంట్లో ఇంకా చెప్పలేదట.

"మీరు చూసి వదిలేసే మనిషి కాదక్కా. మిషన్‌లోనే ఏదో పాడైంది. సార్‌కి అదే చెప్పాను" అంది.

నా తరఫున ఈ పిల్ల వకాల్తా పుచ్చుకుంది. పెట్టిందంతా తిన్నాను.

మార్చి 27, సాయంత్రం

ఆ డిక్షనరీ నా ఒక్క సిస్టమ్‌ది కాదని ఇప్పుడే తెలిసింది. సర్వర్‌ది. ఫ్లోరంతటిదీ. ఈ నెలలో ఇంకా ఏయే పుస్తకాల్లో ఏమేం వెళ్ళాయో!

మార్చి 29

చెప్తే నా కుర్చీ పోతుంది. చెప్పకపోతే యమున బతుకు పోతుంది. ఇందులో ఆలోచించేదేముందని ఆలోచిస్తూ ఆదివారమంతా గడిపాను. సిగ్గులేని దాన్ని.

మార్చి 30

పొద్దున్నే చెప్పేశాను. దండపాణి సార్ కుర్చీ నా వైపు తిప్పాడు.

"మిషన్‌కి తమిళం నేర్పమని నిన్నెవరడిగారమ్మా?"

డిక్షనరీ ఖాళీ చేయించాడు. పంపిన ఫైళ్ళన్నీ మళ్ళీ తెరిపించాడు. జర్మనీకి వెళ్ళిన పుస్తకంలో సార్ రాసిన కబురే దొరికింది, మేనేజరు బట్టతల గురించి. ఆ తరవాత ఆయన గొంతు కాస్త తగ్గింది. చివరి చెక్ మాత్రం నా నుంచి తీసేశారు.

యమున లాకర్ల దగ్గర నిలబడి ఉంది. ఎవరో చెప్పేశారు.

"పక్కన కూర్చుని తిన్నారు కదక్కా" అంది. అంతే. తిట్టినా బాగుండేది.

మార్చి 31

డాక్టరు స్వయంగా రాశాడు. ఆయన ఇప్పుడు ఆస్పత్రిలో మంచం మీదే ఉన్నాడట. వార్డులో తమిళ నర్సు ఉంటే ఆ కామెంటు చదివించుకున్నాడట. ఆమె చెప్పడానికి జంకితే బతిమాలాడట. ఆ అమ్మాయి అన్నదాన్లో తప్పేమీ లేదు, మా డాక్టర్లూ అదే అంటున్నారు, కానీ నాతో అనే ధైర్యం వాళ్ళకు లేదు, రెండో భాగం కూడా ఆ అమ్మాయే చూడాలి, అని రాశాడు.

యమున ఉద్యోగం ఖాయమైంది. ఒక్క రోజు ఆగి ఉంటే నా కుర్చీ ఉండేది. ఈ ఆలోచన వచ్చినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

ఏప్రిల్ 22

యమున నాతో మాట్లాడదు. టీకి కూడా వేరే వాళ్ళతో వెళ్తుంది. కామెంట్లలో ఇప్పుడెవరూ ఏమీ రాయడం లేదు. ఫ్లోరంతా కీబోర్డుల చప్పుడే.

జూన్ 9

రెండో భాగం దిద్దుబాట్లు వచ్చాయి. ఫైలు తెరిచి యమున నన్ను పిలిచింది.

"అక్కా, ఇటు రండి."

నలభయ్యో పేజీ దాకా ఆయన అలవాటు ప్రకారం కామాల గొడవ. ఆ తరవాత ఖాళీ. అక్కడ ఒక్క కామెంటు, ఆయన భార్య పేరుతో: "ఇక్కడిదాకా చూశారు. మిగతాది ఆ అమ్మాయి చూసుకుంటుందని చెప్పారు."

యమున కళ్ళు తుడుచుకుని నలభై ఒకటో పేజీ తెరిచింది. నేను కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాను. లెమ్మనలేదు.