సెస్త్రీలో ఆరేసిన తువ్వాలు

సెస్త్రీ, శనివారం

ఎర్సీలియా అక్కా,

నేను కులాసా, వేళకు తింటున్నానని అమ్మకు చెప్పు. మిగతాది నీకే. కార్డే కదా, పోస్టుమాన్ చదివితే చదవనీ.

కమోలి, రపాల్లో ఊళ్ళు చూసుకుని మొన్న ఇక్కడికి చేరాం. దారి పొడుగునా క్లేలియా సంచీ కూడా నేనే మోశాను, స్నేహం కొద్దీ. నిన్న సముద్రం ఒడ్డున గొడుగు కింద కూర్చుంటే, దానికి తెలిసిన తొరీనో పట్నం గొప్పింటావిడ వచ్చి, "ఈ పిల్లెవరు?" అంది. ఒకటో తరగతి నుంచీ నా పక్కన కూర్చుని చదివిన క్లేలియా తడుముకోకుండా, "సామాన్లు చూసుకోడానికి అమ్మ పంపిందండీ" అంది. ఆవిడ తన తడి తువ్వాలు నా ఒళ్ళో పడేసి, "కాస్త ఆరేసి రా అమ్మాయ్" అంది. ఆరేశానక్కా! అదీ నా ఏడుపు.

తర్వాత నిలదీస్తే, "మొహం మాడ్చుకుంటావేంటే? ఆవిడ నీకు మళ్ళీ కనబడుతుందా ఏంటి? పద, ఐస్‌క్రీం తిందాం" అని నవ్వేసింది.

దాని పెళ్ళికని నువ్వు కుడుతున్న దిండు గలీబులు ఆపెయ్. అయినవి మనమే వాడుకుందాం. నాన్న దగ్గు తగ్గిందా? కోళ్ళ గూటికి గడియ నువ్వే వెయ్యి, తమ్ముణ్ణి నమ్మకు.

అందరికీ ముద్దులు. తోడు వచ్చినవాళ్ళు కూడా కార్డు మీద ఓ ముక్క రాయాలి కదా, అడుగున దానికి చోటు వదిలాను. పైదంతా చదివాకే రాయనీ.

నోరీనా

(దాని కింద, వేరే చేతిరాతలో)

అక్కా, తొందరలో ఉన్నాను, కింద ఎవరో పిలుస్తున్నారు. ఇక్కడ భలేగా ఉంది! మా నోరీనా పక్కనుంటే నాకు ఒక్క పనీ ఉండదు. నా దిండు గలీబులు ఎంతవరకు వచ్చాయి? ముద్దులు.

క్లేలియా