తాళం లోపల తాళం

మార్చి 9, ఆదివారం

చిరంజీవి బావమరిదికి,

వయసులో పెద్దవాణ్ణి కాబట్టి ముందు ఆశీస్సులు, తిట్లు తరువాత. ఇక్కడ నేనూ మీ అక్కా క్షేమం. నీ క్షేమం అడగనక్కర్లేదు. మా వీధి మలుపులో గోడమీద కొత్త మోడల్ తాళం చేత్తో పట్టుకుని నవ్వుతూనే ఉన్నావు. మొన్నటి వానకి నీ చెవి దగ్గర కాగితం కాస్త లేచింది, అంతే.

మన తాళాల ఫ్యాక్టరీ మీటింగులోంచి నేను లేచి వచ్చేసిన తరువాత నువ్వు ఫోన్లు చేశావు. కావాలనే ఎత్తలేదు. ఫోనులో నువ్వు మాట పూర్తి కానివ్వవు. ఉత్తరానికి అడ్డు తగలడం కుదరదు, చింపెయ్యడం ఒక్కటే దారి. చింపేముందు చదువు.

మన పాత తలుపుతాళంలో స్ప్రింగు వదులైందని, ఆ ఒక్క ముక్క పంపమని ఫ్యాక్టరీకి కబురు పెడితే నువ్వు ఏకంగా కొత్త మోడలే పంపావు. పెట్టె మీద రంగు రిబ్బను కూడా. అందింది. గురువారం దాకా మా తలుపుకే ఉంది.

నీకు తెలిసిన కథే మళ్ళీ చెబుతాను, ఎందుకంటే నువ్వు మరిచిపోయినట్టున్నావు. మనవరాలు ఇంకా పాలు తాగే రోజుల్లో మీ అక్క చెత్తబుట్ట బయట పెడదామని గుమ్మం దాటింది. గాలికి తలుపు పడింది. మామగారు గర్వంగా చేసిన తాళమే అది, లాగితే దానంతట అదే పడే రకం. తాళంచెవి లోపల, పిల్ల లోపల, పొయ్యి మీద పాలు. నేను ఫ్యాక్టరీ నుంచి పరిగెత్తుకొచ్చి తలుపు పగలగొట్టేసరికి గిన్నె బొగ్గైంది, పిల్ల ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లి నిద్రపోయింది. మీ అక్క నన్ను ఒక్క మాటే అడిగింది. "మీరు తాళాలు చేసేది దొంగలు రాకుండానా, మనం రాకుండానా?" అంది.

ఆ మాట పట్టుకునే ఆ చిన్న రేకు చేశాను. తాళంచెవి లోపలివైపు కన్నంలో ఉన్నంతసేపూ ఆ రేకు గడియను వెనక్కి పట్టి ఉంచుతుంది. ఎంత గట్టిగా లాగినా తలుపు పడదు. తాళంచెవి చేతిలోకి తీసుకుంటేనే పడుతుంది. గోరంత రేకు. దానివల్ల ఎంతమంది తమ ఇంటిముందు తాము బిచ్చగాళ్ళలా నిలబడకుండా తప్పించుకున్నారో లెక్క లేదు.

దానికి పేటెంటు కోసం అర్జీ రాసింది నువ్వు. లా చదివినవాడివి కదా! నేను ఒకసారి చూస్తానంటే, "చట్టం భాష నీకెందుకు బావా, నీ రేకు నువ్వు చూసుకో" అన్నావు. చూసుకున్నాను. చూసుకోవలసింది నీ వాక్యాన్ని.

మీ ఇంట్లో అందరికీ తాళంచెవి కూడా తాళమే. "తాళం ఏదీ? తాళం ఎక్కడ పెట్టి చచ్చావ్? తాళం తాళానికే ఉండిపోయింది" అంటూ పెరిగారు మీరంతా. తాళంచెవిని తాళంచెవి అన్నందుకు నాకు పెళ్ళైన వారానికే 'చెవిబావ' అని పేరు పెట్టింది నువ్వే. మీ అక్క కూడా నవ్వింది. పోనీలే, అల్లుడికి ఆ మాత్రం వేళాకోళం తప్పదు అనుకున్నాను. కానీ ఆ ఇంటిభాషనే నువ్వు అర్జీలోకి తీసుకుపోయావు. ఏది మన సొత్తో తేల్చే ఆ ఒకే ఒక్క వాక్యంలో, "లోపల తాళం ఉన్నంతసేపు తలుపు పడనివ్వని తాళం" అని రాశావు. పైగా అంతకుముందు పేజీలో, తాళం అంటే పెట్టె, గడియ, పిడి అన్నీ కలిసిన మొత్తం వస్తువు అని నువ్వే అర్థం చెప్పావు. అంటే తాళం లోపల ఇంకో తాళం! శ్లేష పద్యంలో అయితే చప్పట్లు కొడతారు. పేటెంటులో రాస్తే నెత్తిన చెయ్యి పెట్టుకోవాలి.

మన దగ్గర ఫోర్‌మన్‌గా చేసిన బక్కోడు బయటికిపోయి అచ్చం మన రేకుతోనే తాళాలు చెయ్యడం మొదలుపెట్టినప్పుడు దొంగ, దొంగ అని వీధికెక్కి అరిచింది నేనే. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్నారు, మనం వకీలు నోటీసుతో పట్టబోయాం. వాడి జవాబు నీకు గుర్తుండే ఉంటుంది. "అయ్యా, మా తాళంలో తాళం లేదండి. తాళంచెవి ఉంది. కావాలంటే వచ్చి చూసుకోండి" అన్నాడు. ఆ రోజు ఆఫీసులో టీ ఇచ్చే మనిషితో సహా అందరూ నవ్వారు. నువ్వు నవ్వలేదు. అప్పుడైనా నీకు అర్థమైందని నాకు అర్థమైంది.

ఆ తరువాతే కదా ఆ సలహాదారు అమ్మాయిని పిలిపించావు. మనకున్న హక్కులేవో, మనం అమ్ముతున్న వస్తువులేవో ఎదురెదురుగా పెట్టి పొంతన చూడడం ఆమె పని. దొంగలు పడ్డ ఆరునెలలకు కుక్కలు మొరిగినట్టు. అయినా అమ్మాయి మంచిది. గోడకు ఒకవైపు వస్తువుల బొమ్మలు, ఇంకోవైపు పేటెంట్ల కాగితాలు అంటించి, దేనికి ఏది కాపలానో ఎర్రదారంతో కలిపింది. సైకిలు తాళం మనం ఎన్నడో మానేశాం, దాని పేటెంటుకు మాత్రం ఏటేటా ఫీజు కడుతూనే ఉన్నాం. రోజూ అమ్ముడుపోయే బీరువా తాళానికి ఏ కాగితమూ లేదు. "పెళ్ళికొడుకులంతా ఒక ఊళ్ళో, పెళ్ళికూతుళ్ళంతా ఇంకో ఊళ్ళో ఉన్నారు తాతగారూ" అంది నాతో. చాలా కాలం తరువాత నవ్వాను.

నా రేకు దగ్గరికి వచ్చేసరికి దారం చేత్తో పట్టుకుని ఆగిపోయింది. ఆ వాక్యం రెండుసార్లు పైకి చదివింది. "తాతగారూ, ఇలాంటి తాళం ఈ లోకంలో ఎవరూ చెయ్యలేదు. మనం కూడా" అంది. దిద్దుకోలేమా అని అడిగాను. దిద్దే గడువు ఎప్పుడో దాటిపోయిందట. కొత్తగా అర్జీ పెడదామన్నాను. ఇన్నేళ్ళు బజారులో అమ్మిన వస్తువు ఇంక కొత్తదెలా అవుతుంది అంది. ఆ దారం కొస అలా గాల్లో వేలాడుతూ ఉంది. ఫ్యాను గాలికి ఊగుతోంది.

మీటింగులో ఆ అమ్మాయి చెప్పింది నువ్వు సగమే విన్నావు. "రక్షణ లేదు, నిజమే. కానీ జనం ఈ తాళం కొనేదే ఆ రేకు కోసం, దాన్ని మాత్రం తియ్యకండి" అని ఆమె స్పష్టంగా అంది. పొంతన కుదర్చమని పిలిచిన మనిషి వద్దంటున్నా నువ్వే తెంచావు. మనది కానిదాన్ని మోసుకు తిరగడమెందుకు, రేకు లేని కొత్త మోడల్ ఎంత నాజూకుగా ఉందో చూడండి, ఇక అన్నీ అలాగే చేద్దాం, పాత అచ్చులు ఈ నెలాఖరుకి కరిగించేద్దాం అన్నావు. నేను నోరు తెరిచేలోపే, "బావా, ప్రేమ వేరు, పొంతన వేరు" అన్నావు. చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. ఆ వాక్యం మాత్రం తప్పుల్లేకుండా కుదిరింది నీకు. పేటెంటు కూడా అలా రాసి ఉండాల్సింది.

అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని ఉంది అంటారు. మీ ఇంటి అల్లుణ్ణి కదా, ఆ సామెత నాకోసమే పుట్టి ఉంటుంది. నాకు ఫ్యాక్టరీలో కుర్చీ లేదు, వాటా లేదు, సంతకానికి విలువ లేదు. ఇన్ని పుస్తకాలు చదివాను, నిఘంటువులు తిరగేశాను. ఒక్క మాటకు 'చెవి' తగిలించలేకపోయాను. ఇప్పుడు నిన్ను ఒక్కటే అడుగుతున్నాను. ఆ అచ్చులు కరిగించకు. రేకు మనది కాకపోతే పోనీ, ఎవరైనా చేసుకోనీ, కానీ మనం చెయ్యడం మానొద్దు. ఇది అల్లుడి పౌరుషం అనుకుంటావని తెలుసు. అలాగే అనుకో.

ఇట్లు,
కుడిచెవి పూర్తిగా పోయినా పేరు మాత్రం పోని
మీ చెవిబావ

తా.క.: మడిచి కవరులో పెట్టాను. మళ్ళీ తీశాను.

పైన 'నేనూ మీ అక్కా క్షేమం' అని రాశాను. చేతికి అలవాటైన వాక్యం అది, నిజం కాదు. ఏడాదిగా మీ అక్కకు మతి నిలవడం లేదు. పొద్దున నన్ను గుర్తుపడుతుంది, మధ్యాహ్నానికి 'మీరు భోంచేసి వెళ్ళండి' అంటుంది. ఫోను తనకివ్వమని నువ్వు అడిగినప్పుడల్లా పడుకుందని చెప్పింది అందుకే.

గురువారం పొద్దున పొయ్యి మీద పాలు పెట్టి, మెట్ల దగ్గర పడ్డ పేపరు తీసుకుందామని బయటికి వచ్చాను. తాళంచెవి లోపలి కన్నంలోనే ఉంది. ఇన్నేళ్ళ అలవాటు, తలుపు పడదులే అన్న ధీమా. నీ కొత్త మోడల్ చక్కగా పడింది.

తలుపు కొట్టాను. పిడి తిప్పమన్నాను. ఎడమచెవి తలుపుకి ఆనించి విన్నాను. మీ అక్క అవతలే నిలబడి ఉంది, గాజుల చప్పుడు వినిపిస్తోంది. "ఎవరండీ?" అంది. నేనే అన్నాను. "మా ఆయన ఇంట్లో లేరు. ఆయన వచ్చాక రండి" అంది ఎంతో మర్యాదగా. ఎన్నిసార్లు కొట్టినా అదే మాట. పాలు మాడుతున్న వాసన వస్తోంది. తలుపు పగలగొట్టే బలం ఈ భుజానికి ఇప్పుడెక్కడిది?

పక్కింటివాళ్ళు వెళ్ళి బక్కోణ్ణి పిలుచుకొచ్చారు. వాడి కొట్టు పక్క వీధిలోనే. తలుపు తెరిచాడు, పొయ్యి ఆపాడు, నీ తాళం ఊడదీసి తనది బిగించాడు. నేను తల దించుకుని నిలబడ్డాను. "ఇది మీదే కదా సార్" అన్నాడు.

అచ్చుల సంగతి నీ ఇష్టం. నేను అడగను. మీ అక్క సాయంత్రాలు "చిట్టిగాడు బడినుంచి వచ్చాడా?" అని అడుగుతోంది. ఆ చిట్టిగాడివి నువ్వే. ఒకసారి రా. నిన్ను చూస్తే పోల్చుకుంటుందని నేను మాట ఇవ్వలేను. తలుపు కొడితే, "మా ఆయన లేరు, వచ్చాక రండి" అంటుంది.

వెళ్ళిపోకు.