జలపాతం దారి, నాన్న టోపీ

తమ్ముడు డెనిస్‌కు, ఇక్కడ అందరం కులాసా.

సోమవారం పొద్దున ఎనిమిదింటికి జలపాతం దారికి తాళం పడింది. ఈ కార్డు మీద బొమ్మ ఆ జలపాతమే. పాత మఠం గోడల దగ్గరకు పోవాలన్నా అదొక్కటే దారి. గేటున్న పొలాన్ని కొత్తాయన కొన్నాడు. చట్టం ప్రకారం జనం ఇరవై ఏళ్ళు ఎవరినీ అడగకుండా నడిచిన దారైతే అది ఊరిది. అడిగి నడిచినదైతే యజమాని దయ, ఎప్పుడైనా మూసుకోవచ్చు. "మేమెవరినీ అడగలేదు" అని దారి విచారణలో సాక్ష్యం చెప్పడానికి ఊరంతా సిద్ధమైంది, ఈడిత్ అత్త తప్ప.

"మీ నాన్న గేటు దగ్గర టోపీ తీసి, 'వెళ్ళొచ్చా అండీ' అని రైతును అడగందే అడుగు వేసేవాడు కాదు. తోసుకుపోవడానికి మనమేమన్నా గొర్రెలమా?" అంది.

"ఆ మర్యాద విచారణ అయ్యేదాకా దాచిపెట్టు పెద్దమ్మా" అన్నాడు పబ్బు నడిపే క్లెమ్.

"తొంభై ఏళ్ళకు నాకు అబద్ధం నేర్పుతావట్రా? నువ్వు బీరులో నీళ్ళు కలపడం నేర్చావు, అది చాల్లే."

చిన్నప్పుడు నేను నాన్న వెనక నడిచేదాన్ని. టోపీ లేవడం చూశాను, మాట వినలేదు. నువ్వు నాన్న భుజాల మీద ఉండేవాడివి. ఆయన అనుమతి అడిగేవాడా, ఊరికే పలకరించేవాడా? గుర్తున్నదే రాయి. దారి పోతుందని మార్చి రాయకు, నాన్న బతికుంటే ఒప్పుకునేవాడు కాదు.

జామ్ సీసాలు పగలకుండా చేరాయా? నీ మోకాలు ఎలా ఉంది? జోన్‌కూ పిల్లలకూ నా దీవెనలు.

విచారణ వచ్చే నెల తొమ్మిదిన, పొద్దున పదింటికి, ఊరి హాల్లో. మొదట పిలిచేది అత్తనే.

మీ అక్క
మార్జరీ