ఊపు మింగే గొట్టం

ఇంజినీరు ప్రసన్న బాబుగారికి పెదబయలు అవతల గెడ్డవీధి నుంచి సోములమ్మ దండాలు.

మా తీగల వంతెనకి డంపర్ పెడతారని సర్పంచి చెప్పాడు. భూకంపం వస్తే అదే కాపలా అంట. బాబూ, ఆ వంతెన మేక ఎక్కితేనే ఊగుతాది. డంపరంటే మట్టి లారీ కదా, అది ఎక్కిస్తే భూకంపం దాకా ఎందుకు, ఆ పూటే గెడ్డ నీళ్ళలోకి పోద్ది.

ఇట్లు,
ఫల్గుణ తల్లి సోములమ్మ

తా.క.: మీకు పెళ్ళయిందా? మా చెల్లి కూతురు సోని ఉంది. దానికి లారీకీ వంతెనకీ తేడా తెలుసు.

*

సోములమ్మగారికి నమస్కారం.

అది డంపర్ కాదమ్మా, డ్యాంపర్. మూరెడు ఉక్కు గొట్టం, లోపల చిక్కటి నూనె. భూమి కంపించి వంతెన విసురుగా ఊగితే ఆ ఊపుని మింగేస్తుంది. వచ్చే నెల బిగిస్తాం.

ఇట్లు,
ప్రసన్న

తా.క.: సోనిది నా కన్నా మంచి బుర్ర.

*

బాబుగారికి,

లారీయే నయం. ఊపు మింగేస్తాదా?

పోయిన వానల్లో మా ఫల్గుణ గెడ్డ దాటతా కొట్టుకుపోయాడు. వాడు పోయాక వంతెన వచ్చింది. పొద్దుగూకే వేళ ఇటు చివర కూర్చుంటాను. అటు చివర ఎవరు కాలు పెట్టినా నా కింద చెక్క కదుల్తాది. కళ్ళు మూసుకుంటే వాడే వస్తన్నాడు. తెరిస్తే ఎవరిదో ఆవు. అయినా ఆ కాసేపు చాలు బాబూ. అది మింగకండి.

ఇట్లు,
ఫల్గుణ తల్లి

తా.క.: సోని మీ ఫోటో అడుగుతోంది.

*

అమ్మా,

మీ ఉత్తరం చదివాక పని చేయలేకపోయాను.

చిక్కటి అంబలిలో గరిట మెల్లగా తిప్పితే తిరుగుతుంది కదా? విసురుగా లాగితే పట్టేస్తుంది. ఇదీ అంతే. మనిషి నడకని పోనిస్తుంది, భూమి విదిలిస్తేనే పట్టుకుంటుంది. ఆ రోజు మీరు ఆ చివర కూర్చుని ఉంటే? అందుకే బిగించాలి. బిగించాక నేనే నడిచి చూపిస్తాను.

మీ
ప్రసన్న

తా.క.: ఫోటో వద్దు. చూస్తే సోని నవ్వుతుంది.

*

ప్రసన్నకి,

నువ్వెళ్ళిపోయాక రాస్తన్నాను.

నిన్న గొట్టాలు బిగించాక కళ్ళు మూసుకుని కూర్చున్నానా, చెక్క కదిలింది. మెల్లగా, వాడి నడకలాగే. తెరవబుద్ధి కాలేదు. తెరిస్తే చున్నీ నడుముకి చుట్టుకుని, తీగ పట్టుకుని, బిగుసుకుపోయి ఒక గుంట, ఆడపిల్ల! "అమ్మా, నేనే ప్రసన్నని" అంటావేటి? నువ్వు కాపలా పెట్టిన వంతెన మీద నీకే భయమా?

బాబూ బాబూ అని రాస్తంటే చెప్పలేదేటే అని తిట్టాను. "మీరలా రాస్తుంటే ఫల్గుణని పిలిచినట్టుంది. ఆపాలనిపించలేదు" అన్నావు. అందుకే ఇంటికొచ్చాక వాడి గిన్నె తీశాను. వాడు పోయాక అది బోర్లించే ఉంది. నువ్వు అంబలి తాగింది అందులోనే.

మళ్ళీ బేగి రా. కళ్ళు మూసుకున్నా నీ నడక తెలుస్తాది ఇప్పుడు.

ఇట్లు,
మీ అమ్మ సోములమ్మ

తా.క.: సోని నవ్వుతూనే ఉంది. నీకు అన్నదమ్ములున్నారా? ఉంటే ఈసారి ముందు ఫోటో పంపు.